బొమ్మల సేనకూ ఒక వ్రతం

గోవులను విడిపించడానికి బయలుదేరిన బృహన్నలను విరాటుడి కూతురు ఉత్తర కోరిన కోరిక అందరికీ గుర్తుండే ఉంటుంది. కౌరవ వీరుల మేలి వస్త్రాలు తెచ్చిపెట్టు, నా బొమ్మపొత్తికలకు కట్టుకుంటాను అంది. బృహన్నల వేషంలో ఉన్న అర్జునుడు ఆ మాట మరిచిపోలేదు. సమ్మోహనాస్త్రానికి కురుసేన ఒరిగిపోయాక ఉత్తరకుమారుణ్ణి రథం దింపి పంపాడు. ద్రోణుడివీ కృపుడివీ తెల్లనివి, కర్ణుడిది పసుపుపచ్చనిది, అశ్వత్థామవీ దుర్యోధనుడివీ నీలివి. భీష్ముడి దగ్గరికి మాత్రం పోవద్దన్నాడు, ఆయనకు ఆ అస్త్రానికి విరుగుడు తెలుసు. అంతటి సేనను ఒంటిచేత్తో గెలిచినవాడు ఆవులతో పాటు విరాటనగరానికి పట్టుకొచ్చిన సొమ్ము ఇదే, ఒక ఆడపిల్ల బొమ్మలకు మూడు రంగుల బట్ట.

విరాటపర్వం విన్న ప్రతిసారీ నా మనసు ఈ బట్టల దగ్గర కాసేపు నిలబడిపోతుంది. ఈ ధనుర్మాసంలో మరికాస్త ఎక్కువసేపు నిలబడింది. అందుకు కారణం ఇంగ్లండులో నాటింగ్‌హామ్‌లో ఉద్యోగం చేసుకుంటున్న మా మేనల్లుడు. వాడిది బొమ్మల యుద్ధాల సరదా. బొటనవేలంత సైనికులను కొని, ఫ్రేమ్ నుంచి ఒక్కొక్క ముక్క కత్తిరించి, అంచులు గీకి, జిగురుతో అతికించి, ప్రైమర్ కొట్టి, సన్నటి కుంచెతో రంగులు వేస్తారు. నిలబడిన మనిషి ఎత్తు సుమారు 28 మిల్లీమీటర్లు. ఆ కొలతలోనే కోటు గుండీలు, గుర్రం జీను, కళ్లల్లో చుక్క. తరువాత బల్ల మీద కొండలూ కంచెలూ పేర్చి, టేపుతో దూరం కొలిచి, పాచికలు వేసి పోరాడతారు. 1983లో వచ్చిన వార్‌హామర్ ఆటను తయారుచేసే గేమ్స్ వర్క్‌షాప్ ప్రధాన కార్యాలయం నాటింగ్‌హామ్‌లోనే ఉంది. ఈ సరదా ఉన్నవారికి ఆ ఊరు కాశీ వంటిది.

పెద్దవాళ్లకు ఈ బొమ్మలాటలేమిటని మా ఇంట్లో కొందరు విసుక్కుంటారు. నేను విసుక్కోను. రథ గజ తురగ పదాతులను గళ్ల బల్ల మీద నిలిపి చతురంగం ఆడిన దేశం మనది. అది పారశీకం మీదుగా ఐరోపా చేరి చదరంగమైంది. 1780లో జర్మనీలో హెల్విగ్ అనే పండితుడు ఆ చదరంగాన్నే పెంచి, గళ్లకు నదులూ అడవులూ రంగులతో చూపించి యుద్ధక్రీడను కట్టాడు. ఆ తరువాత ప్రష్యా సైన్యం తన అధికారులకు అలాంటి ఆటతోనే వ్యూహాలు నేర్పింది. 1913లో ఇంగ్లండులో హెచ్.జి. వెల్స్ ‘లిటిల్ వార్స్’ అనే పుస్తకం రాసి, సీసపు సైనికులతో నేల మీద ఆడే నియమాలు పెట్టాడు. ఈ బొమ్మల యుద్ధం నిజం యుద్ధం కన్నా ఎంత మేలో చూడండని ఆ పుస్తకంలోనే లోకాన్ని బతిమాలాడు. మరుసటి ఏడాదే ప్రపంచయుద్ధం మొదలైంది. లోకం ఆయన మాట వినలేదు గానీ ఉత్తర కోరికలో ఉన్నదీ ఆ మాటే అనిపిస్తుంది నాకు. వీరుల బట్టలు బొమ్మల ఒంటి మీద ఉన్నంతకాలం ఏ తల్లికీ కడుపుకోత లేదు.

కాబట్టి నా బాధ ఆటతో కాదు. ఏడాది చివర మా వాడు పంపిన లెక్కతో.

ఈ సరదా ఉన్నవాళ్లకు డిసెంబరులో ఒక అలవాటు ఉంది. ఏడాదిలో ఎన్ని బొమ్మలు కొన్నారు, ఎన్నిటికి రంగు వేశారు, ఎన్ని పోరాటాలు ఆడారు అని లెక్క రాసుకుంటారు. మంచి అలవాటు. లెక్క చూసుకోవడం మనకూ కొత్త కాదు. అజ్ఞాతవాసం గడువు తీరకముందే అర్జునుడు బయటపడ్డాడని దుర్యోధనుడు గోలపెట్టినప్పుడు భీష్ముడు చేసిన పని అదే కదా. అయిదేళ్లకు రెండు అధికమాసాల చొప్పున వేసి, పదమూడేళ్లకు అయిదు నెలల పన్నెండు రాత్రులు ఎక్కువే గడిచాయని తేల్చాడు. అలాంటి లెక్క ముందు రాజైనా నోరు మూసుకోవాల్సిందే.

మా వాడి లెక్కలో కొన్నవి బోలెడు, రంగు పడినవి పిడికెడు. మిగిలినవన్నీ పెట్టెల్లోనే బూడిదరంగులో ఉన్నాయి. కొన్నిటిని ఫ్రేమ్ నుంచి కత్తిరించనైనా లేదు. ఆ కింద వచ్చే ఏడాది ప్రణాళిక రాశాడు. నెపోలియన్ నాటి ఫ్రెంచి దళం మొత్తం, దానికి ఎదురు నిలిచే ప్రష్యా దళం, వార్‌హామర్‌లో ఇంకో కొత్త సేన, మిత్రులతో నెలనెలా ఒక పెద్ద పోరాటం. లెక్క ఒక పేరా ఉంటే ప్రణాళిక ఒక పేజీ ఉంది.

ఇది చదవగానే నాకు ఉత్తరకుమారుడే కనిపించాడు. అంతఃపురంలో ఆడవాళ్ల నడుమ నిలబడి, సారథి ఒక్కడు దొరకనీ, కౌరవులను ఏం చేస్తానో చూడండి అన్నవాడు. సేన కంటపడగానే రథం దూకి పరుగెత్తినవాడు. మనం ఆ పరుగు చూసి నవ్వుతాం గానీ, ఆ ప్రగల్భాలు పలుకుతున్నప్పుడు పక్కన ఎవరు నిలబడి ఉన్నారో తలచుకోం. ఒక ఏడాది పొడవునా గాజులు తొడుక్కుని, ఆడపిల్లలకు ఆటపాటలు నేర్పుతూ, కీచకుడు ద్రౌపదిని తన్నాడని తెలిసీ పెదవి కదపకుండా వ్రతం పూర్తిచేసిన మనిషి. చేయబోయేది చెబుతున్నవాడు ఒకడు, చేసి ఊరుకున్నవాడు ఇంకొకడు. ఇద్దరూ ఒకే రథం ఎక్కారు.

కొనడాన్ని చేయడంగా లెక్కవేసుకోవడం ఈ కాలపు జబ్బు, బొమ్మల సరదా ఒక్కదానిదే కాదు. భాగవతం సంపుటాలు కొన్నారు, కట్టు విప్పలేదు. స్ఫటికమాల తెచ్చారు, వేలు కదలలేదు. రామకోటి పుస్తకాలు పంచుతుంటే చేతులు చాచి తీసుకున్నారు. ఎన్ని ఇళ్లల్లో పది పేజీల దగ్గర ఆగిపోయిన రామకోటి పుస్తకాలు దేవుడి అలమరలో అడుగున పడి ఉన్నాయో మీకే తెలుసు. కొన్న క్షణంలో సగం పుణ్యం వచ్చేసినట్టు మనసు తృప్తి పడుతుంది. ఆ తృప్తే అసలు పనిని మింగేస్తుంది. జనవరి ఒకటిన సంకల్పాలు చెప్పుకునేవారిని చూసి నాకు భయం వేయడానికి కారణం ఇదే.

పట్టుదల ఒక్కటే ఉన్నా చాలదు. విలియం సైబోర్న్ అనే ఆంగ్ల సైనికాధికారి 1830లో వాటర్లూ యుద్ధభూమికి నమూనా చేయడానికి పూనుకున్నాడు. లా హే సాంత్ అనే పొలంలో నెలల తరబడి మకాం వేసి నేల ఎత్తుపల్లాలు కొలిచాడు. యుద్ధంలో పాల్గొన్న అధికారులకు ఉత్తరాలు రాసి, సాయంత్రం ఏడు గంటలకు మీ దళం ఎక్కడుంది, ఎదురుగా ఎవరున్నారు, ఆ పొలంలో ఏ పైరు ఉంది అని అడిగాడు. 70 వేలకు పైగా చిన్న చిన్న బొమ్మలతో 1838లో పూర్తిచేశాడు. నేటికీ లండన్‌లోని నేషనల్ ఆర్మీ మ్యూజియంలో దాన్ని చూడవచ్చు. అయితే మధ్యలో ప్రభుత్వం డబ్బు ఆపేసింది, ఆయన అప్పు చేసి సాగించాడు. ఆ అప్పు తీరకముందే ఇంకా పెద్ద కొలతలో ఇంకో నమూనా మొదలుపెట్టాడు. ఆ మనిషి ఓపికకు దండం పెడతాను. హద్దు ఎక్కడో ఆయనకు చెప్పేవారు లేకపోయారే అని దిగులూ పడతాను.

హద్దు ఎలా గీసుకోవాలో ఈ నెలలో గోదాదేవి మనకు రోజూ చెబుతోంది. తిరుమలలో సుప్రభాతం ఆపి తిరుప్పావై పాడే రోజులివి. నెలకు ముప్పై పాశురాలు, రోజుకు ఒక్కటి. రేపటి పాశురం ఈరోజు కాదు, ఈరోజుది రేపటికి వాయిదా కాదు. రెండో పాశురంలోనే వ్రతనియమాలు వస్తాయి. వ్రతం పట్టిన గొల్లపిల్లలు ఏమేం సంపాదిస్తారో చెప్పడానికి ముందు ఏమేం మానేస్తారో చెబుతారు. నెయ్యి మానేస్తారు, పాలు మానేస్తారు, కాటుక పెట్టుకోరు, పూలు ముడవరు. మన కొత్త సంవత్సరపు ప్రణాళికల్లో ఇలాంటి వాక్యం ఒక్కటైనా కనిపిస్తుందా? అన్నీ తెచ్చుకునేవే, మానుకునేది ఒక్కటీ ఉండదు. గోదమ్మ సంతోషానికి అడ్డు చెప్పే తల్లి కూడా కాదు. ఇరవై ఏడో పాశురానికి వచ్చేసరికి నగలు పెట్టుకుని, కొత్త బట్టలు కట్టుకుని, మోచేతి దాకా నెయ్యి కారే పాయసాన్నం అందరితో కలిసి ఆరగించమంటుంది. ఇరవై ఆరు రోజులు మానినవారికే కదా ఆ నేతి రుచి తెలిసేది.

బొమ్మల విషయంలోనూ మన ఇళ్లల్లో ఒక హద్దు ఉండేది. సంక్రాంతికి కొలువు పెట్టే ఇంట్లో ఏటా ఒక కొత్త బొమ్మ చేర్చాలనేవారు. ఒక్కటే. కొండపల్లి దశావతారాల జట్టు కొన్న ఏడాది ఇల్లంతా అదే పండుగ. కొలువు ఎత్తేసేటప్పుడు హారతి ఇచ్చి, ప్రతి బొమ్మనూ పాత చీర పేలికల్లో చుట్టి పెట్టెలో పెట్టేవారు. ఆ పెట్టెలో కొలువుకు ఎక్కని బొమ్మ ఒక్కటీ ఉండేది కాదు.

ఇదంతా మా మేనల్లుడికి ఫోనులో చెప్పాను. అక్షౌహిణి లెక్క ఎక్కడ మొదలవుతుందో కూడా చెప్పాను. భారతంలో సేనకు అన్నిటికన్నా చిన్న దళం ‘పత్తి’. ఒక రథం, ఒక ఏనుగు, మూడు గుర్రాలు, అయిదుగురు కాలిబంట్లు. దాన్ని మూడింతలు చేస్తూ ఏడుసార్లు పెంచి, చివర పదింతలు చేస్తే 21,870 రథాల అక్షౌహిణి అవుతుంది. పద్దెనిమిది అక్షౌహిణులు ఈ చిన్న దళం నుంచి లేచినవే. నువ్వు భోగిలోపు ఒక్క పత్తికి రంగు వేయి, ఇంట్లో ఉన్న బొమ్మలతోనే, అంతవరకు కొత్త పెట్టె కొనను అని సంకల్పం చెప్పుకో అన్నాను.

“రథం ఉంది మావయ్యా, గుర్రాలూ ఉన్నాయి, ఏనుగే లేదు” అన్నాడు. అలెగ్జాండరును ఎదిరించిన పురుషోత్తముడి సైన్యంలోని ఏనుగులను ఎవరో అచ్చంగా పోతపోసి అమ్ముతున్నారట, అదొక్కటీ కొనుక్కోనా అని అడిగాడు. వద్దన్నాను. మీ అమ్మ కొలువు పెట్టెలో కొండపల్లి అంబారీ ఏనుగుంది, పంపించమంటాను అన్నాను. 28 మిల్లీమీటర్ల మనిషి పక్కన దాని కొలత కుదరదని వాదించాడు. అయితే నీ పెట్టెల్లో ఉన్న మృగాల్లో పెద్దదాన్ని ఏనుగు స్థానంలో నిలుపు, దానికి అంబారీ నువ్వే అట్టముక్కతో కట్టు అన్నాను. కాలిబంట్లు అయిదుగురికి ఈ ఆదివారం ప్రైమర్ కొడతానన్నాడు. ఏనుగు సంగతి ఇంకా తేలలేదు.