ముక్తసరి మాట



“అడిగినదానికి ముక్తసరిగా జవాబిచ్చెను” అని మనము అనుచుందుము. ఈ మాటను కొందరు ముత్యమను అర్థముగల ‘ముక్త’తో ముడిపెట్టుదురు. నేనును చాలకాలము అట్లే తలంచితిని. కాని ఇది సంస్కృతము కాదు. అరబీలో ‘ముఖ్తసర్’ అనగా కుదించినది. ఆ భాషలో నడుమునకు గల పేరును ఈ ధాతువుదే. నడుమువలె సన్నపరచిన మాట యనుకొనవచ్చును. పారసీ, ఉర్దూలలో నలిగి మన నోట ‘ముక్తసరి’ అయినది. 1948 వరకు ఉర్దూ కచ్చేరీలు నడచిన మన కరీంనగరము జిల్లాలో అర్జీ, వకీలు, దస్తావేజువలె ఇదియు ఇంటి మాటయే. ఇంగ్లీషువారికిని ఇట్టి మాట కలదు: స్పార్టా పట్టణమున్న లకోనియా సీమవారు మితభాషులని పేరుపొందుటచేత ‘లకోనిక్’ అనిరి.

దేవుని యెదుట మాటలు కొద్దిగా నుండవలెనని ప్రసంగి 5:2 బోధించుచున్నది. రాజు అడిగిన ప్రశ్నకును తన బదులుకును నడుమ నెహెమ్యా ప్రార్థించెను (2:4). పేతురు నీళ్లలో మునుగుచు పెట్టిన మొర ఒక్క ఊపిరిలో ముగియును (మత్తయి 14:30). మునుగువానికి దీర్ఘప్రార్థనకు తీరిక యెక్కడిది? (మా బోధకులము దీనిని గమనించుట మంచిది.) ప్రభువు ముందు చెయ్యి చాచెను, తరువాతనే మందలించెను.

అయితే మన వాడుకలో “మాటలు తక్కువ” అనగా మెచ్చుకోలు, “ముక్తసరిగా మాటాడెను” అనగా నొచ్చుకోలు.

పోయిన వానకాలమున మా సంఘములోని ఒక ముసలమ్మ, దుబాయి పోయిన కొడుకు ఫోను చేయుట లేదని చెప్పుకొనుటకు మా గుమ్మములో నిలిచినది. నేను బండి యెక్కుచు “ఆదివారం చూద్దాం అవ్వా” అంటిని. నా మాట క్లుప్తమే, అబద్ధమును కాదు. ఆ ఆదివారమును, మరుసటి ఆదివారమును ఆమె గుడికి రాలేదు.

మూడవ వారము ఆమె యింటికి పోతిని. చాటలో బియ్యము ఏరుచుండెను.

“మంచిగున్నవా అవ్వా?”

“ఆ.”

“కొడుకు ఫోన్ చేసిండా?”

“లే.”

ముక్తసరి యననేమో ఆ దినమున నాకు నిఘంటువుతో పనిలేకయే తెలిసినది. అరుగుమీద కూర్చుంటిని. చాలసేపు ఇద్దరమును మాటాడలేదు. తరువాత ఆమె చాట ప్రక్కకు పెట్టి, కొడుకు పేరు చెప్పి, “ఇగ ప్రార్థన చెయ్యుండ్రి అయ్యగారు” అనెను.