కత్తిరించిన చోట గుర్తు లేదు

నా పిహెచ్.డి. సిద్ధాంత వ్యాసం మూడో అధ్యాయంలో ఒక ఆరోపణ ఉంది. సిమోన్ ద బోవా స్త్రీల అణచివేత మీద అంత పెద్ద పుస్తకం రాసింది గానీ, చరిత్రలో ఆ అణచివేతకు ఎదురు నిలిచిన స్త్రీలను పెద్దగా పట్టించుకోలేదనీ, ఇంటిచాకిరీ గురించి పైపైనే మాట్లాడిందనీ రెండు పేజీల నిండా రాశాను. వైవా రోజున ఎవరూ ఆక్షేపించలేదు. పైగా ఒక పరీక్షకులు ధైర్యమైన విమర్శ అని మెచ్చుకున్నారు. డిగ్రీ వచ్చింది. థీసిస్ అట్టకట్టుకుని లైబ్రరీ చేరింది.

ఆ ఆరోపణ తప్పు. బోవా రాయలేదని నేను నిందించినవి బోవా రాసినవే. మధ్యలో ఎవరో తీసేశారు. తీసేసిన పుస్తకాన్ని చదివి, ఆ ఖాళీలకు రచయిత్రిని బాధ్యురాలిని చేశాను.

పుస్తకం కథ కొంత చెప్పాలి. ఫ్రెంచిలో అది 1949లో రెండు భాగాలుగా, దాదాపు వెయ్యి పేజీలతో వచ్చింది. అమెరికాలో క్నాఫ్ ప్రచురణ సంస్థ దాన్ని 1953లో 'ద సెకండ్ సెక్స్' పేరుతో ఇంగ్లీషులో వేసింది. అనువాదకుడు హోవర్డ్ పార్ష్లీ. ఆయన స్మిత్ కాలేజీలో జంతుశాస్త్రం ప్రొఫెసరు, మానవ పునరుత్పత్తి మీద పుస్తకం రాసినవాడు. తత్వశాస్త్రం ఆయన రంగం కాదు. పుస్తకం స్త్రీల గురించి కాబట్టి, స్త్రీ అంటే శరీరం కాబట్టి, జీవశాస్త్రం తెలిసినవాడైతే చాలనుకున్నారు కాబోలు. ఆ ఎంపికలోనే, పుస్తకం ఏ ఆలోచన మీద యుద్ధం ప్రకటించిందో ఆ ఆలోచన ఉంది.

1983లో మార్గరెట్ సైమన్స్ అనే అమెరికన్ తత్వశాస్త్ర అధ్యాపకురాలు మూలాన్నీ అనువాదాన్నీ పక్కపక్కన పెట్టుకుని పోల్చింది. పుస్తకంలో పది శాతానికి పైగా మాయమైందని తేలింది. అన్నిటికంటే ఎక్కువ కోత పడింది చరిత్ర భాగానికి. డెబ్బై ఎనిమిది మంది స్త్రీల పేర్లు అక్కడ లేకుండా పోయాయి. పెళ్ళయిన స్త్రీ గురించిన అధ్యాయంలో, రోజువారీ ఇంటిపని వివరాలు చాలా పోయాయి. అంట్లు, ఊడ్పులు, మళ్ళీ అంట్లు. అవి చదవడానికి విసుగని తీసేసి ఉండాలి. చెయ్యడానికి విసుగు కాదు కాబోలు!

పోయినవాటి సంగతి అలా ఉంచితే, మిగిలినవి కూడా క్షేమంగా లేవు. మనిషి ఉనికిని సూచించే ఒక అస్తిత్వవాద పారిభాషిక పదం, పార్ష్లీ చేతిలో 'మనిషి నిజస్వభావం' అన్న అర్థానికి మారింది. మనిషికి ముందే నిర్ణయమైన స్వభావం లేదన్నది అస్తిత్వవాదపు పునాది. స్త్రీకి సహజ స్వభావమంటూ లేదన్నది బోవా వాదం. ఆమె చేతే స్వభావం గురించి మాట్లాడించారు! 'జీవించిన అనుభవం' అని ఆమె పేరు పెట్టుకున్న రెండో భాగం 'నేటి స్త్రీ జీవితం' అయింది. పేరు వింటే వారపత్రిక శీర్షికలా ఉంటుంది. తర్వాతి దశాబ్దాల్లో ఇంగ్లీషు చదివే విమర్శకులు కొందరు బోవాకి తాత్విక స్పష్టత తక్కువనీ, పరస్పర విరుద్ధంగా రాస్తుందనీ తేల్చారు. నేనూ ఆ కోవలోనే చేరాను.

మరి తప్పెవరిది?

పార్ష్లీని దోషిగా నిలబెట్టడం సులువు. కానీ ఆయన ఆ పుస్తకాన్ని నిజంగా గౌరవించాడు. అనారోగ్యంతోనే కష్టపడి పూర్తిచేశాడు. అచ్చయిన ఏడాదే చనిపోయాడు. తగ్గించమని ఒత్తిడి చేసింది ప్రచురణకర్తలు. కొంత కుదించాననీ, రచయిత్రి అనుమతి తీసుకున్నాననీ ముందుమాటలో చెప్పుకున్నాడు కూడా. చెప్పని విషయం ఒక్కటే, ఎక్కడెక్కడ తీశాడన్నది. పేజీల్లో ఆ గుర్తులు లేవు.

ధాన్యం తూకంలో తరుగు తీస్తారు. ఎన్ని కిలోలు తీశారో చెబితే రైతు పోట్లాడగలడు. 'కొంత తరుగు పోతుందిలే' అని ఊరుకుంటే దేని మీద పోట్లాడాలి? నా దృష్టిలో నైతిక ప్రశ్న ఇక్కడ ఉంది. కత్తిరించడం దానంతటదే నేరం కాదు. ప్రతి అనువాదమూ, ప్రతి పాఠమూ కొంత వదిలేస్తుంది. కత్తిరించిన చోట గుర్తు లేకపోవడం వేరు. గుర్తు లేకపోతే పాఠకురాలు మాటలతో పాటు ప్రశ్న అడిగే వీలు కూడా పోగొట్టుకుంటుంది. లేనిదాన్ని గురించి ఎవరు అడుగుతారు?

ప్రచురణకర్తల బాధ్యత ఇంకా పెద్దది. కోతల సంగతి 1983లో బయటపడ్డాక కూడా, హక్కులు తమ దగ్గరే ఉంచుకుని చాలాకాలం కొత్త అనువాదానికి ఒప్పుకోలేదు. చివరికి కాన్‌స్టాన్స్ బోర్డ్, షీలా మలొవనీ-షెవాలియే చేసిన సంపూర్ణ అనువాదం 2009లో లండన్‌లో, 2010లో అమెరికాలో వచ్చింది. దాని మీదా తగాదాలున్నాయి. బోవా పండితురాలు టోరిల్ మోయ్ 2010లోనే దాన్ని గట్టిగా విమర్శించింది. పుట్టుకతో ఎవరూ స్త్రీ కారన్న ఆ ప్రసిద్ధ వాక్యంలో 'స్త్రీ' ముందు ఇంగ్లీషు ఆర్టికల్ ఉండాలా వద్దా అన్నది ఆ తగాదాల్లో ఒకటి. ఆర్టికల్సే లేని తెలుగులో కూర్చుని చదివితే నవ్వొస్తుంది గానీ, ఉంటే ఒక మనిషి, తీసేస్తే ఒక మూస. తేడా చిన్నది కాదు.

ఇక నేను. కొత్త అనువాదం వచ్చాకే నా పరిశోధన మొదలైంది. మా లైబ్రరీలో ఉన్నది పాతది. వెతికితే దొరికేది, వెతకలేదు. ఇంగ్లీషులో ఉన్నదే పుస్తకం అనుకున్నాను. ఫ్రెంచి ఒకటి ఉంటుందని తెలుసు, కానీ అది నాకు ఇంగ్లీషు వెనకాల ఉన్న గోడలాంటిది. దాని అవతల ఏముందో చూడాలనిపించలేదు.

ఒక్క పుస్తకం సంగతే అయితే ఇంత బాధపడక్కర్లేదు. ఎమ్మేలో 'ఫ్రెంచ్ ఫెమినిజం' అని మేం చదివింది మూడు పేర్లు: సిక్సూ, ఇరిగరే, క్రిస్తెవా. ఒకరు అల్జీరియాలో, ఒకరు బెల్జియంలో, ఒకరు బల్గేరియాలో పుట్టినవారు. క్రిస్తెవా అయితే ఫెమినిస్టు అన్న పేరుకు దూరంగానే ఉంటూ వచ్చింది. ఈ 'ఫ్రెంచ్ ఫెమినిజం' ఇంగ్లీషు విశ్వవిద్యాలయాల్లో తయారైన సరుకని క్రిస్తీన్ దెల్ఫీ 1995లో ఒక వ్యాసంలో వాదించింది. 1970 ఆగస్టులో పారిస్‌లో, అజ్ఞాత సైనికుడి కంటే అజ్ఞాతమైనది అతని భార్య అంటూ ఆమె పేర పూలచక్రం పెట్టబోయిన కొద్దిమంది స్త్రీలలో దెల్ఫీ ఉంది. 1971 ఏప్రిల్‌లో 343 మంది స్త్రీలు, గర్భస్రావం చట్టవిరుద్ధంగా ఉన్న రోజుల్లో, తాము చేయించుకున్నామని సంతకాలు పెట్టి పత్రికలో ప్రకటించారు. ఆ ప్రకటన రాసింది బోవాయే. ఇవేవీ మా సిలబస్‌లో లేవు. ఫ్రెంచి స్త్రీలంటే భాష గురించీ, కోరిక గురించీ మాత్రమే ఆలోచించేవాళ్ళని నేర్చుకున్నాం.

రాకపోకలు ఒకవైపువే కావు. బోవా 1947లో నాలుగు నెలలు అమెరికా తిరిగింది. అక్కడి నల్లజాతి ప్రజల స్థితి మీద గున్నార్ మిర్డాల్ చేసిన అధ్యయనం, రిచర్డ్ రైట్ స్నేహం ఆమె పుస్తకానికి బలమిచ్చాయి. ఫ్రెంచి ఆలోచనాపరుల మీద ఆధారపడి జుడిత్ బట్లర్ 1990లో ఇంగ్లీషులో రాసిన 'జెండర్ ట్రబుల్' ఫ్రెంచిలోకి 2005లో గానీ వెళ్ళలేదు. తమ ఇంటి దినుసులు పదిహేనేళ్ళ తర్వాత అమెరికన్ వంటకంగా తిరిగొచ్చాయి.

దీనికొక ఎదురు వాదన ఉంది, తేలిగ్గా తీసెయ్యలేనిది. ఆ కోతలు పడ్డ పుస్తకమే కదా ఇంగ్లీషు ప్రపంచంలో స్త్రీలను కదిలించింది? షులామిత్ ఫైర్‌స్టోన్ 1970లో తన పుస్తకాన్ని అంకితమిచ్చింది బోవాకే. సగం అన్నమైనా ఆకలి తీర్చింది కదా? తీర్చింది. కాదనను. కానీ ఆకలి తీరిందన్న కృతజ్ఞత, మిగతా సగం ఏమైందన్న ప్రశ్నను రద్దు చెయ్యదు. తిన్నవాళ్ళు అడక్కపోతే, వడ్డించినవాళ్ళే చెప్పాలి.

ఈ మాట రాయడానికి నాకున్న అర్హత ఎంత? అదీ చెబుతాను. కొన్నేళ్ళ కిందట ఒక జిల్లా పట్టణంలో స్త్రీల చదువు సమావేశానికి ఈ పుస్తకం సారాంశం తెలుగులో రాసిచ్చాను. స్త్రీలను ప్రేమించే స్త్రీల గురించి అందులో ఒక పూర్తి అధ్యాయం ఉంది. దాన్ని వదిలేశాను. మనవాళ్ళకి ఇప్పుడే అవసరమా, ఉన్న నలుగురూ రావడం మానేస్తారేమో అనుకున్నాను. ముప్పై కాపీలు జిరాక్స్ తీసి పంచాం. వదిలేశానని ఎక్కడా రాయలేదు.

చాలా రోజుల తర్వాత, ఆ సమావేశంలో వెనక కూర్చున్న ఒకమ్మాయి ఫోన్ చేసింది. పుస్తకం ఇంగ్లీషులో సంపాదించి చదివిందట. "మేడమ్, ఆ అధ్యాయం మీ కాగితాల్లో లేదు. మీరు చదివిన పుస్తకంలో లేదా, మీరే తీశారా?" అని అడిగింది. గొంతులో కోపం లేదు. నేను చదివిన కాపీలో ఆ అధ్యాయం ఉంది. "స్థలం సరిపోలేదమ్మా" అన్నాను. క్నాఫ్ వాళ్ళ మాటే.

ఆ అమ్మాయికి ఆ అధ్యాయం ఎందుకు అవసరమైందో నేను అడగలేదు. అడిగే హక్కు నాకు లేదు. కానీ ఆ సాయంత్రం ఆమెను ఆ గదిలో లేనిదాన్ని చేసింది నేనేనని అర్థమైంది. పార్ష్లీ ఎరగని స్త్రీల పేర్లు తీసేశాడు. నేను ఎదురుగా కూర్చున్న మనిషిని తీసేశాను. ఆయన కనీసం ముందుమాటలో ఒక మాట చెప్పాడు.

రెండు రోజుల తర్వాత నేనే ఫోన్ చేసి నిజం చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే ఇప్పుడు తెలుగులో రాస్తారా?" అంది.

రాస్తున్నాను. నా ఫ్రెంచి సరిపోదు. మూలాన్నీ, రెండు ఇంగ్లీషు అనువాదాలనూ, నిఘంటువునూ పక్కన పెట్టుకుని పేజీకి రెండు రోజులు పడుతోంది. బోవా ఆ అధ్యాయంలో చెప్పిన కొన్ని మాటలతో నాకు గట్టి పేచీ ఉంది. అయినా తియ్యడం లేదు. అర్థం కాని చోట అర్థం కాలేదని మార్జిన్‌లో రాస్తున్నాను. థీసిస్ మూడో అధ్యాయాన్ని మాత్రం ఇప్పుడు మార్చలేను. దానికి తప్పొప్పుల పట్టికగా ఈ వ్యాసాన్ని చదువుకోండి.