జిగురు మీద రంగు నిలవదు

ధమ్మ బంధువులారా! ఈసారి మీకొక బొమ్మరిల్లు ముచ్చట చెబుతాను. పిల్లల ఆట కదా అని పక్కన పెట్టకండి.

మా బిడ్డ అడిగిందని, కార్పెంటర్ షాపులో మిగిలిన ప్లైవుడ్ ముక్కలు తెచ్చి ఒక బొమ్మరిల్లు చేశాను. అచ్చం మన గోదావరిఖని క్వార్టర్ లెక్క, రెండు గదులు, ముందు వరండా. గోడలు ఫెవికాల్‌తో అతికించి, అట్ట కత్తిరించి పెంకుల కప్పు వేశాను. ఇక బయటి పనే మిగిలింది. ఏప్రిల్ 14 దగ్గరికొచ్చింది. జయంతి నాడు బాబాసాహెబ్ ఫొటో పక్కన పెట్టాలని నా తొందర. ఉప్పు కాగితం రుద్దలేదు, లప్పం పెట్టలేదు, ప్రైమర్ వేయలేదు. నేరుగా నీలం రంగు కొట్టేశాను. చూసినోళ్లంతా మస్తుగుందన్నారు.

నెల తిరగకముందే అతుకుల దగ్గర రంగు పొరలుగా లేచింది. ఎండ వల్ల అనుకున్నాను, బొగ్గు దుమ్ము వల్ల అనుకున్నాను. మా వాడకట్టులో రంగులేసే పెద్దమనిషి ఒకాయన చూసి నవ్వాడు.

"ఎండ తప్పు కాదు తమ్మీ. అతుకుల మీదికి కారిన జిగురు నువ్వు గీకలే. జిగురు మీద రంగు పట్టదు."

మళ్లీ మొదలుపెట్టాము. ఎండిన జిగురంతా గీకాము. చెక్క పోగు వెంబడి ఉప్పు కాగితం రుద్ది, తడిగుడ్డతో దుమ్ము తుడిచాము. సందుల్లో లప్పం నింపి, ఆరినాక మళ్లీ రుద్దాము. ప్రైమర్ ఒక చేయి, రంగు పలుచగా రెండు చేతులు. బిడ్డకు విసుగొచ్చి, "ఇదంతా రంగు కింద దాగిపోతది కదా బాపూ, ఎవలు చూస్తరు?" అన్నది.

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకో దాచకుండా చెబుతాను.

అంతకు కొన్నాళ్ల ముందు మా అక్క బిడ్డకు ఒక సంబంధం వచ్చింది. పిల్లవాడిది మనలాగే దీక్ష తీసుకున్న ఇల్లు. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "వాళ్లు మనోళ్లేనా?" మాలనా మాదిగనా అని దాని అర్థం. అక్క నా మొహం చూసి, "స్టేజీ ఎక్కి నువ్వు చెప్పేదంతా ఎవలకురా?" అన్నది.

చూశారా? నా ఇంటి బయట నీలం రంగుంది, గుమ్మం మీద బుద్ధుడున్నాడు. కింద పాత జిగురు అట్లనే ఉంది. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో, మనుషులంతా సమానమని నమ్ముతామనీ, ఆ సమానత్వం కోసం పాటుపడతామనీ ఉన్నది. అవి గోడకు వేలాడదీయడానికి కాదు, గీకడానికి.

భగవానుడు ఈ జిగురును ఎట్లా గీకించాడో వినయ పిటకం చెబుతుంది. శాక్య రాజకుమారులు సంఘంలో చేరడానికి వచ్చారు. వెంట వాళ్ల మంగలి ఉపాలి ఉన్నాడు. ముందు ఉపాలికి ప్రవ్రజ్య ఇవ్వమని, అప్పుడు తాము అతనికి మొక్కాలని, తమ శాక్య గర్వం అణగాలని కుమారులే అడిగారు. భగవానుడు అట్లనే చేశాడు. ఆ ఉపాలే తరువాత రాజగృహ సంగీతిలో వినయం వినిపించిన థేరుడు.

పంచశీలం కూడా ఇంతే. సభలో చదివేది పైరంగు. షిఫ్టు దిగి వైన్‌షాపు ముందు నుంచి ఆగకుండా ఇంటికి రావడం, ఇంట్లో ఆడమనిషి మీద చేయెత్తకపోవడం, మనోళ్లేనా అని అడగకపోవడం కింది పని. దాన్ని ఎవరూ చూడరు. రంగు నిలిచేది దానివల్లే.

సంయుత్త నికాయంలో భగవానుడు రాధుడికి ఒక పోలిక చెప్పాడు. మట్టి ఇళ్లతో ఆడే పిల్లలు, మోజు ఉన్నంతసేపు వాటిని నాది నాది అని కాచుకుంటారు. మోజు తీరగానే చేతులతో కాళ్లతో చెదరగొట్టేస్తారు. తృష్ణను అట్లా చెదరగొట్టమన్నాడు. కులం కూడా మనం నాది అని కాచుకుంటున్న మట్టిల్లే. కట్టింది మనం కాదు. అయినా కాపలా కాస్తున్నాం.

నేను నా ప్రశ్నను వెనక్కి తీసుకున్నాను. పెండ్లి జరిగింది. వాళ్లు ఎవరో ఈ రోజుకీ అడగలేదు.

వచ్చే పున్నమికి వందన అయ్యాక, మీ ఇంట్లో ఏ అతుకు దగ్గర రంగు లేస్తున్నదో చూడండి. మళ్లీ రంగు కొట్టకండి. ముందు గీకండి.

నమో బుద్ధాయ. జై భీమ్.