మన ఇంటి తెరకు యజమాని ఎవరు?



నాందేడులోను, ధర్మాబాదు, దేగ్లూరు ప్రాంతములలోను స్థిరపడిన మన తెలుగు కుటుంబములకు టీవీ వట్టి వినోదము కాదు. మరాఠీ బడికి పోవు పిల్లల చెవిని నాలుగు తెలుగు మాటలు పడునది దానివలననే. మందిరమునకు రాలేని వృద్ధులు పాటలు వినునది దానిలోనే. గనుక దానిని తీసి పారవేయుమని నేను చెప్పను. అట్లు చెప్పువారు కొందరున్నారు గాని, వారి జేబులో సెల్‌ఫోను మాత్రము ఉండును!

అయితే ఈ స్మార్టు టీవీ పాత పెట్టె వంటిది కాదు. పాతదానిని మనము చూచితిమి. ఇది మనలను చూచుచున్నది. తెరమీద ఏమి నడుచుచున్నదో గుర్తుపట్టి కంపెనీకి తెలియజేయు ఏర్పాటు అనేక టీవీలలో ఉన్నది. విజియో అను కంపెనీ 1 కోటి 10 లక్షల టీవీలనుండి, చూచువారి అనుమతి లేకుండ, ఇట్టి సమాచారమును సేకరించినదని అమెరికా ప్రభుత్వపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభియోగము మోపగా, 2017లో ఆ కంపెనీ 22 లక్షల డాలర్లు చెల్లించి రాజీపడెను.

యోబు భక్తుడు తన చూపునకు తానే హద్దు పెట్టుకొనిన సంగతి 31వ అధ్యాయములో ఉన్నది. మన ఇండ్లలోనో, స్విచ్చి వేయగానే ఏమి చూడవలెనో మనకంటె ముందు అంగడివాడు నిర్ణయించుచున్నాడు. స్తుతిపాట మధ్యలో అప్పులిచ్చు యాప్ ప్రకటన! నెలజీతముతో ఇల్లు నడుపుకొను ఇంటిలో అది చిన్న సంగతియా? డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైన్ ఆటలను, వాటి ప్రకటనలను 2025లో పార్లమెంటు నిషేధించినది. మంచిదే. మిగిలిన తలుపులు మనమే వేసికొనవలెను.

రిమోటులో సెట్టింగ్స్ తెరువుడి. సామ్‌సంగ్‌లో 'వ్యూయింగ్ ఇన్ఫర్మేషన్ సర్వీసెస్', ఎల్‌జీలో 'లైవ్ ప్లస్' అనువాటిని ఆపివేయుడి. గూగుల్ టీవీలో ఖాతా సెట్టింగులందు 'యాప్స్ ఓన్లీ మోడ్' పెట్టినచో ముందు తెరమీది సిఫారసులు చాలవరకు పోవును. మోడలును బట్టి పేర్లు కొంచెము మారవచ్చును. అన్నిటికంటె సులువైనది, టీవీకి వైఫై ఇవ్వకపోవుట. డిష్ పెట్టెలో తెలుగు చానళ్లు ఎప్పటివలెనే వచ్చును. చానళ్ల ప్రకటనలు పోవు గాని, టీవీ మన సంగతులు బయటికి పంపలేదు. యూట్యూబులో ఆరాధన చూడవలసినప్పుడు మాత్రము కలిపి, పిమ్మట తీసివేయవచ్చును. కుటుంబ ప్రార్థన వేళ ప్లగ్గే తీయుడి.

యౌవనస్థులు గృహకూటములకు వెళ్లినప్పుడు అక్కడి పెద్దవారి టీవీలలో ఈ పని చేసిపెట్టవలెను. అప్‌డేటు వచ్చిన తరువాత మరల ఒకసారి చూడుడి. కొత్త షరతులకు ఒప్పుకొమ్మని తెర అడుగవచ్చును. చదివి అర్థము చేసికొనక 'అంగీకరించుచున్నాను' అని నొక్కకుడి.