దారి ఋణము

బొమ్మనహళ్ళిలో నివసించు మన తెలుగు కుటుంబములకు దారి యన నేమో వేరుగ చెప్ప నక్కఱలేదు. హోసూరు రోడ్డు మన గడప ముందు నుండియే పోవుచున్నది. ఒకప్పుడది వారణాసి నుండి కన్యాకుమారి వరకు సాగిన 7వ నంబరు జాతీయ రహదారిలో భాగము. నేడు శ్రీనగరము నుండి కన్యాకుమారి వరకు సాగు 44వ నంబరు రహదారిలో భాగము. ఈ దారినే ఉత్తరముగ పోయినచో అనంతపురము, కర్నూలు, హైదరాబాదు వచ్చును. మనలో పలువురి తండ్రులు, తాతలు ఈ దారినే వచ్చి యిచ్చట స్థిరపడిరి. 2010 జనవరిలో ఈ దారికి పైన, స్తంభముల మీద, సుమారు 10 కిలోమీటర్ల పొడవున మఱియొక దారి వెలసినది. 2025 ఆగస్టులో దాని ప్రక్కనే మెట్రో రైలును వచ్చినది. పైదారిని పోవువానికి బొమ్మనహళ్ళి కొన్ని క్షణములపాటు దొరలిపోవు మేడల వరుస మాత్రమే. క్రింద నిలిచిన మనకు వాని ముఖము కనిపించదు. వానికి మనము కనిపించము. దారి క్రింద బ్రతుకుట యెట్టిదో యెఱిగినవారము గనుక, ఈ ప్రశ్నను విచారించుటకు మనకు కొంత అర్హత కలదని తలంతుము.

ఆ ప్రశ్న బెంగుళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్ మార్గమునకు సంబంధించినది. హోసకోటె యొద్ద బయలుదేరి, కోలారు జిల్లా దాటి, ఆంధ్రప్రదేశములోని చిత్తూరు జిల్లాలో ప్రవేశించి, తమిళనాడులో శ్రీపెరుంబుదూరు చేరునట్లు ఈ మార్గము సంకల్పింపబడినది. పొడవు సుమారు 260 కిలోమీటర్లు. గంటకు 120 కిలోమీటర్ల వేగమునకు తగినట్లు రూపకల్పన జరిగినది. 2022 మే 26వ తేదీన ప్రధానమంత్రి చెన్నైలో శంకుస్థాపన చేసిరి. కర్ణాటక భాగమున, అనగా సుమారు 70 కిలోమీటర్ల మేర, 2024 చివర నుండి వాహనములు తిరుగ మొదలిడినవి. తక్కిన రెండు రాష్ట్రములలో పని అనుకొన్న గడువులను దాటిపోయినది. కోలారు, బేతమంగళము, పలమనేరు, చిత్తూరు: ఈ పేర్లు మనకు పటములోని చుక్కలు కావు. మన వియ్యములు, మన ఇలువేల్పులు, కొందఱికి పొలములును అచ్చటనే యున్నవి. అందుచేత మనము ఈ దారికి ఇరుప్రక్కల నున్నవారము. కారులో కూర్చుండువారమును మనమే. పొలము కోల్పోవువారి చుట్టములమును మనమే.

వేగముగ పోగోరువాడు, తన వేగమునకై ఇల్లు పొలము విడిచిన వానికి ఏమి బాకీపడి యున్నాడు? సొమ్ము చెల్లించినంతనే ఆ బాకీ తీఱినట్లేనా?

మొదట దారివలని మేలును ఒప్పుకొనుట న్యాయము. కోలారు, మదనపల్లె ప్రాంతముల రైతు టమాటా పండించును. అది నిలువయుండు పంట కాదు. సంతకు ఒక పూట ఆలస్యమైనచో ధర పడిపోవును. ఒక దినము ఆలస్యమైనచో సరుకే చెడిపోవును. ప్రాణాపాయములో నున్న రోగికి గంట యన నేమో మనకు తెలియనిది కాదు. దారులు లేని దేశము సుఖముగ నుండెనని చెప్పువారు ఆ దేశమున కరవు కాలములో బ్రతికి చూచినవారు కారు. కావున దారి వలదనుట మా యభిప్రాయము కాదు.

ఇక సొమ్ము సంగతి. జాతీయ రహదారులకై సేకరించు భూములకు 2013 నాటి భూసేకరణ చట్టములోని పరిహార సూత్రములు 2015 నుండి వర్తించుచున్నవి. వాని ప్రకారము గ్రామసీమలలో భూమి విలువను ఒకటికి తగ్గక రెండుకు మించని సంఖ్యచే హెచ్చవేసి, చెట్లు, బావులు, కట్టడముల విలువ కలిపి, ఆ మొత్తమునకు సమానమైన మఱియొక మొత్తమును ఊరటగ చేర్చి యీయవలెను. అంతకు పూర్వము, 1997లో చేసిన యొక సవరణ వలన, రహదారికి భూమి యిచ్చిన రైతునకు ఈ ఊరటసొమ్ము లేకుండెను. అది సమానత్వమునకు విరుద్ధమని సుప్రీంకోర్టు 2019లో తీర్పు చెప్పినది. ఒకే యూరిలో చెఱువునకు పొలము విడిచినవానికి ఒక న్యాయము, రహదారికి విడిచినవానికి ఒక న్యాయమును పనికిరావని దాని భావము. చట్టము ఇంత దూరము నడచి వచ్చినందులకు సంతోషింపవలసినదే.

ఐనను వెల వేఱు, ఋణము వేఱు. వెల అనునది అమ్మువాడు, కొనువాడు ఇరువురును ఇష్టపడినప్పుడు కుదురునది. ఇచ్చట అమ్మనని చెప్పు స్వేచ్ఛ రైతునకు లేదు. పదిమంది మేలు కొఱకు ఒకని యిష్టమును ప్రక్కకు త్రోయుట ప్రభుత్వమునకు తప్పనిసరి కావచ్చును. కాని త్రోయబడిన ఆ యిష్టమునకు ఏ పట్టికలోను వెల కట్టలేదు. చిత్తూరు సీమలో తోతాపురి మామిడిని బెంగుళూరు మామిడి యనియు పిలుతురు. మన నగరపు పేరు పెట్టుకొన్న ఆ చెట్టును కొట్టునప్పుడు దానికి ఇంత యని లెక్కగట్టి యిత్తురు. మఱియొక చెట్టు నాటి, అది కాపునకు వచ్చువరకు కాచుకొనవలసిన యేండ్లను ఎవ్వరు ఈయగలరు? ఆ రైతు ముదుసలి యైనచో ఆ యేండ్లు అతనియొద్ద మిగిలి యున్నవా?

మఱియొక సంగతి. పత్రము ఎవరి పేర నున్నదో సొమ్ము వారికి చేరును. ఆ భూమిని దున్నినవారు వేఱొకరు కావచ్చును. మూడు సంవత్సరములుగ ఆ భూమిపై బ్రతికిన కౌలుదారులను, కూలీలను సైతము నష్టపోయిన కుటుంబములుగ 2013 నాటి చట్టము గుర్తించినది. కాని మన సీమలో కౌలు అనునది చాలవఱకు నోటిమాట. కాగితము లేనివాడు కచ్చేరిలో ఏమి చూపగలడు?

మన పూర్వులు ఈ విషయమై ఏమి యాలోచించిరి? మనిషి నాలుగు ఋణములతో పుట్టునని శతపథ బ్రాహ్మణము చెప్పుచున్నది. దేవ, ఋషి, పితృ ఋణములతోపాటు మనుష్య ఋణమును ఒకటి కలదు. సాటి మనుష్యులకు ఆశ్రయమును, అన్నమును ఇచ్చుటచే అది తీఱునట. మన దారుల ప్రక్కన సత్రములు, చలివేంద్రములు వెలయుటకు ఇట్టి భావనయే మూలము. కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడిలో క్రీస్తుపూర్వము 3వ శతాబ్దినాటి అశోకుని శాసనములు కలవు. దారుల వెంట మనుష్యుల కొఱకును, పశువుల కొఱకును బావులు త్రవ్వించి చెట్లు నాటించినట్లు అందు చెప్పబడినది. అంత గొప్ప చక్రవర్తి దారిని గూర్చి చెప్పునప్పుడు వేగమును చెప్పలేదు. నీడను, నీటిని చెప్పెను. ఆ బావి బాటసారిది మాత్రమే కాదు, ఊరివారిదియును.

పాత దారి ఊరి నడుమ నుండి పోయెడిది. ఊరివారు బాటసారికి అన్నము పెట్టిరి. బాటసారి ఊరివారికి బేరము తెచ్చెను. ఋణము ఇటునుండి అటును, అటునుండి ఇటును తీఱుచుండెను. క్రొత్త దారి అట్టిది కాదు. నిర్ణయించిన చోటులందు తప్ప దానిపైకి ఎక్కుటకు వీలులేదు. బెంగుళూరు–మైసూరు ఎక్స్‌ప్రెస్ మార్గములో 2023 ఆగస్టు 1 నుండి ద్విచక్ర వాహనములను, ఆటోలను, ట్రాక్టరులను నిషేధించిరి. ప్రాణరక్షణకై చేసిన పని గనుక దానిని తప్పు పట్టలేము. కాని ఫలిత మేమి? దారికి పొలము నిచ్చిన రైతు తన ట్రాక్టరుతో ఆ దారి మీద పోజాలడు. నందికొండల సీమలో పుట్టిన పాలారును కోలారు, చిత్తూరు జిల్లాలను దాటి తమిళనాడులో సముద్రమును చేరును. అదియు మూడు రాష్ట్రముల దారియే. ఐతే నది ఒడ్డున నిలిచిన ప్రతివాడును దోసిలి పట్టవచ్చును. ఈ దారి ఒడ్డున నిలిచినవానికి కంచె మాత్రమే దొరకును.

మనుష్యులు మొఱపెట్టుకొనగలరు, నోరులేని జీవుల మాట యేమి? 1980 దశకములో పలమనేరు, కుప్పము అడవులకు ఏనుగులు మరల వచ్చి చేరినవి. అవి నడచు త్రోవలకు పత్రములు లేవు, పరిహారమును లేదు. దారి వాని త్రోవకు అడ్డుపడినచో అవి పొలములపై పడును. అప్పుడు మరల నష్టపోవువాడు ఆ రైతే.

ఒక యాక్షేపణ కలదు. ఇట్లు ప్రతి అడుగునకు ఋణము లెక్కించినచో లోకములో ఏ పనియు సాగదు గదా యని. ఈ మాటలో నిజము లేకపోలేదు. కాని ఋణము తీర్చుటకు పని మానవలసిన యవసరము లేదు. పనిని కొంచెము వేఱుగ చేసిన చాలును. చీలిపోయిన యూరికి, దాని పొలమునకు నడుమ, బండియు మందయు పోదగిన యెత్తుగల క్రిందిదారి ఒకటి. వాననీరు చెఱువునకు పోవు వాగును మూయని తూము ఒకటి. అడవిలో ఏనుగులకు విడిచిన త్రోవ ఒకటి. దారికగు మొత్తము ఖర్చులో ఇవి కొలదియే. దారి నిర్మించుటకు ముందే అడిగిన ఇవి సులభములు. తరువాత అడిగిన, మన బొమ్మనహళ్ళిలో రోడ్డు దాటగోరు ముసలివానివలె, ఏండ్ల తరబడి నిలిచియుండవలెను.

ప్రభుత్వము చేయవలసినది ఇది. మన యిండ్లలో చేయవలసినది మఱియొకటి కలదు; అది మఱింత కష్టము. పరిహారపు సొమ్ము మన కుటుంబములలో కొన్నింటికి వచ్చినది, మఱికొన్నింటికి రానున్నది. పిత్రార్జితములో ఆడుబిడ్డలకును సమాన హక్కు కలదని 2005 నుండి దేశమంతట చట్టము చెప్పుచున్నది. ఐనను సంతకము పెట్టుమని చెల్లెలికి కాగితము పంపి, వంతు పంపని అన్నలు లేరా? తండ్రి కాలము నుండి ఆ పొలము చేసిన కౌలుదారునకు, చట్టము బలవంతపెట్టలేదు గదా యని, వట్టి చేతులు చూపినవారు లేరా? దారి మనకు చేసిన అన్యాయమును చెప్పుకొనునప్పుడు మన గొంతు పెద్దది. ఆ దారి తెచ్చిన సొమ్ముతో మనము చేయు అన్యాయమును చెప్పునప్పుడు మన గొంతు పెగలదు. ఈ రెండును ఒక్క త్రాసులో తూగవలెను.

ఈ మార్గము మొదటి నుండి చివరి వఱకు పూర్తియైన నాడు మన పిల్లలు ఉదయము బయలుదేరి మధ్యాహ్నపు భోజనమునకు చెన్నై చేరుదురు. చేరవలసినదే. దారిలో ఒక్కచోట, కంచెకు ఆవల నిలిచినవాని వైపు వేలు చూపి, మనము కూర్చుండి పోవుచున్నది ఎవరి పొలము మీదనో వారికి చెప్పుదము. ఋణము తీర్చుట తరువాతి మాట. తమకు ఋణము కలదని యెఱుగుట మొదటి మాట. సుంకము చెల్లించితిమి గనుక దారి మనదని మాత్రము వారికి నేర్పకుందము.