ఎవరి గడియారము సరియైనది?

ధ్యాన భాగములు: మత్తయి 20:1–16, రోమా 15:1



విజయవాడ రహదారి మీదుగా బస్సులో హైదరాబాదు వచ్చువారికి ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్ తెలియని స్థలములు కావు. మన పల్లెల పిల్లలు కొందరు అక్కడ హాస్టళ్లలో నుండి చదువుకొనుచున్నారు. 2018 సెప్టెంబరు 24 మొదలు ఎల్.బి.నగర్ వరకు మెట్రోరైలు నడచుచున్నది. అధికారి వచ్చినను, కూలివాడు వచ్చినను దానికి ఒకటే వేళ.

ఆ వేళ ఎవరిది? అక్కడి సూర్యునిది కాదు. 1906 జనవరి 1 నుండి మన దేశపు కాలము 82½ డిగ్రీల తూర్పు రేఖను బట్టి లెక్కింపబడుచున్నది. ఆ రేఖ కాకినాడ సమీపముగా పోవుచున్నది. డిగ్రీకి 4 నిమిషముల తేడా. దిల్‌సుఖ్‌నగర్ ఇంచుమించు 4 డిగ్రీలు పడమర నున్నది గనుక, అక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చుట సగటున గడియారపు 12 గంటలకు 16 నిమిషముల తరువాతనే. అయినను అందరును ఒకే కాలమునకు లోబడిరి. ఊరికొక కాలమున్నచో రైలు నడుచుట ఎట్లు?

మన దేశ కాలమును ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల కాపాడుచున్నది. లోకమంతటి కాలమునకు మాత్రము ఏ ఒక్క గడియారమును రాజు కాదు. అనేక దేశములలోని 400కు పైగా పరమాణు గడియారముల లెక్కలను పారిస్ చెంతనున్న అంతర్జాతీయ తూనికలు, కొలతల సంస్థ కూర్చి, ఏది ఎంత ముందున్నదో, ఎంత వెనుకబడినదో నెలనెల తెలియజేయును. తానే సరియని చెప్పుటకు దేనికిని అధికారము లేదు. దిద్దుబాటు అన్నిటికిని కావలెను.

మన సంఘములలో ఎట్లున్నది? గంట కొట్టిన తరువాత, పెద్దమనిషి ఇంకను రాలేదని ఆరాధన ఆపుదుము. కూలికి పోయి అలసిన తల్లి పసిబిడ్డతో కాచుకొని కూర్చుండును. ఆమె రూపాయి తీసికొనిన దొంగతనమందుము. ఆమె గంట తీసికొనిన దానికేమి పేరు? అదే తల్లి మరుసటి ఆదివారము పాలు పితికి ఆలస్యముగా వచ్చిన, తల త్రిప్పి చూతుము. పెద్దవానికి ఓర్పు, పేదరాలికి గడియారము! రెండు విధములైన తూనికరాళ్లు ప్రభువునకు హేయములని సామెతలు 20:10లో చదువుచున్నాము గదా.

అట్లయిన రైలువలె తలుపు మూయుటయే న్యాయమా? ద్రాక్షతోట యజమానుని చూడుడి. పొద్దు గ్రుంకబోవు వేళ సంతవీధిలో నిలిచియున్నవారిని అతడు సోమరులని తీర్పు తీర్చలేదు. ఏల నిలిచితిరని అడిగెను. వారిని ఎవరును పనికి పిలువలేదు! అడుగనివానికి ఆ సంగతి తెలియదు.

పరమాణు గడియారములకన్న భూమి తిరుగుటలో నిలుకడ తక్కువ. అందుచేత 1972 నుండి 27 మారులు లోకకాలమునకు ఒక్కొక్క సెకను చేర్చబడెను. కడపటిది మన లెక్కకు 2017 జనవరి 1, ఆదివారము ఉదయము 5 గంటల 30 నిమిషములకు ముందు చేరెను. వాచ్‌నైట్ ఆరాధన ముగించుకొని మనలో అనేకులు ఇంటికి చేరిన వేళ, లోకపు గడియారములు వెనుకబడిన భూమికొరకు ఒక సెకను ఆగెను. 2035 నాటికి ఈ పద్ధతి మార్చి, తేడాను ఎక్కువగా ఉండనిచ్చుటకు దేశములు 2022లో నిర్ణయించెను. గడియారములు ఆగుట మానవచ్చును. బలవంతులమైన మనము బలహీనులకొరకు ఆగుట మానరాదు.

కాబట్టి గడియారమును మొదట మనకు మనమే పెట్టుకొందము. ఓర్పును మొదట పొరుగువానికి ఇత్తము. వచ్చు ఆదివారము పెద్దలమైన మనము గంటకు ముందే వచ్చి కూర్చుందము. ఆలస్యముగా వచ్చిన సహోదరికి ప్రక్కకు జరిగి చోటిత్తము. ఆరాధన ముగిసిన తరువాత ఆమె కష్టమేమో అడుగుదము.

మన దినములను తన చేతిలో నుంచుకొనిన ప్రభువు మనలను దిద్దును గాక. ఆమేన్.