నీళ్ళమీది ఊరు

వియత్నాంలోని హాలాంగ్ అఖాతంలో దాదాపు 1,600 సున్నపురాతి దీవులూ తిప్పలూ ఉన్నాయి. 1994లో యునెస్కో వారసత్వ పట్టికకెక్కింది. విలాసనౌకలు రాత్రి అక్కడే లంగరేస్తే, పరుపుమీంచి లేవకుండానే కొండలు చూడొచ్చు. వంటింటి కిటికీ తప్ప మరోటి ఎరగనివాళ్ళం, ఆ సుఖం పాపమని నేనైతే అననండీ!

కానీ ఆ నీళ్ళమీదే ఇళ్ళు కట్టుకుని, చేపలు పట్టి బతికిన కుటుంబాల్ని 2014లో ఒడ్డుకి తరలించారు. పిల్లలకి చదువు, తుఫాను భయంలేని గోడలు – కారణాలు మంచివే. నీళ్ళు మురికవుతున్నాయనీ అన్నారు. మరి ఇంజన్లు తిప్పే ఓడలో? అవి ఉన్నాయి!

ఇప్పుడు వాళ్ళలో కొందరు తిరిగొచ్చి, అతిథుల్ని పడవలో కూర్చోబెట్టుకుని తమ పాత ఊరంతా తిప్పి చూపిస్తున్నారు. తెడ్డు వేసే ఆవిణ్ణి "మీ ఇల్లెక్కడమ్మా?" అని అడిగితే ఎటువైపు చూపిస్తుందంటారు?